కంప్యూటర్‌కు వేసిన మాల

మనం రాసి పంపింది ఎక్కడికి పోతుంది? ఈ అనుమానం బుచ్చన్నకు పదేళ్లుగా తీరలేదు. మల్యాల చౌరస్తాలో, జగిత్యాల బస్సులు ఆగేచోట, ఆయనకొక చిన్న ఆన్‌లైన్ దుకాణం ఉంది. పింఛన్లకూ, పాస్‌పోర్టులకూ, గల్ఫ్‌లో జాడ తెలియని మనుషుల కోసం పెట్టుకునే అర్జీలకూ కాగితాలు నింపి పంపడం ఆయన పని. మీట నొక్కగానే అవి ఎటో పోతాయి. కొన్నిటికి జవాబు వస్తుంది, కొన్నిటికి రాదు. రానివి కూడా, దేవుడి ముందు చెప్పుకున్న మొక్కుల్లాగా, ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయని సర్దుకునేవాడు. ఆ సోమవారం పొద్దున మాత్రం సర్దుకోలేకపోయాడు. కోరుట్ల నుంచి తమ్ముడి కూతురు అక్షిత మొదటి బస్సుకే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ పిల్ల జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే చోట పని చేస్తుంది. రెండు నెలల కింద దీన్ని పాత సిస్టం నుంచి కొత్తదానికి మార్చింది కూడా తనే.

“మల్లొక్కసారి చెప్పు పెద్దబాపు. నువ్వు పాతదాంట్లకు ఎందుకు పోయినవ్?”

“చెప్పిన కద బిడ్డా. మాల తీసిన.”

“మాల తీసింది నువ్వు. కంప్యూటర్ ఏం చేసింది?”

“అదీ తీసింది.”

“అంటే కంప్యూటర్‌కు గూడ మాల ఏసినవా?”

“నవ్వకు. ఏసింది నువ్వే. నువ్వొచ్చి మార్చిన రోజు ఏం రోజు? నేను కొండగట్టుల హనుమాన్ మాల ఏసుకొని వచ్చిన రోజు. కాషాయం కట్టుకొని ఈ కుర్చీలనే కూసున్న. యాదికున్నదా?”

“ఉన్నది. నేలమీద చాప ఏసుకొని పండుకుంటున్న అన్నవ్.”

“ఆ రోజు నువ్వేం చెప్పినవ్? పాతదాన్ని ముట్టలేదు పెద్దబాపు, అచ్చం దానసొంటిదే ఇంకొకటి పక్కపొంట చేసిన, మార్పులన్నీ ఆ రెండోదాంట్లనే చేసిన అన్నవ్. ఆన్ చేస్తే రెండు పేర్లు కనపడ్డయ్. ఒకటి పాతది, ఒకటి కొత్తది.”

“అవు. కొత్తది ఎక్కడన్న ఆగిపోతే నీ పని ఆగొద్దని గట్ల చేసిన. పాతది నొక్కితే ఎప్పటిలెక్కనే నడుస్తది.”

“మల్ల? ఇంకేమన్నవ్?”

“ఏమన్న?”

“ఒక నలభై రోజులు కొత్తదాంట్ల చేసుకో పెద్దబాపు, పాతది ఎక్కడిదక్కడనే ఉంటది, దాంట్లకు రావచ్చు అన్నవ్.”

“నచ్చకుంటే రావచ్చు అన్న.”

“నచ్చుడు నచ్చకపోవుడు దీక్షల ఏముంటది బిడ్డా? దీక్ష మంచిగున్నదని ఎవలన్న మాల మెడలనే ఉంచుకుంటరా? మండలం అయిపోయింది. కొండ మీదికి పోయి మాల తీసిన, కాషాయం ఇప్పిన, తెల్లబట్టలు కట్టుకున్న. దుకాణానికి వచ్చి దీన్ని గూడ పాతదాంట్లకు తెచ్చిన. నేనేదో మంచిగనే చేస్తున్న అనుకున్న.”

“పన్నెండు రోజుల సంది పాతదాంట్లనే ఉన్నవ్. ఏం తేడా కనపడలేదా?”

“ఏం కనపడతది? పంపే కాయిదాలు ఆన్‌లైన్ల పోతయ్, ప్రింటు వస్తది. నేను నెంబర్లు రాసిపెట్టుకునే ఫైలు జోలికి నిన్నటిదాక పోలే. నిన్న సాయంత్రం ఒకామెకు ఇయ్యాల్సిన ఫోన్ నెంబరు తీసి కాయిదం మీద రాద్దామని తెరిచి చూస్తే, మాల ఏసుకున్న రోజు కాడనే ఆగిపోయి ఉన్నది. ఆ నలభై ఒక్క రోజులది ఒక్క ముక్క లేదు.”

“నాకు వారం కింద ఫోన్ చేసినవ్, జాగ లేదంటున్నది అని.”

“చేసిన.”

“నేను కోరుట్లల కూసోనే దీంట్లకు వచ్చి చూసిన. నువ్వు పాతదాంట్ల ఉన్నవ్. కొత్తది పెద్దబాపుకు చేతనైతలేదు కావచ్చు అనుకున్న. కొత్తది తీసెయ్యాల్నా అని నిన్ను అడిగిన.”

“అడిగినవ్. అయిపోయింది కద, తీసెయ్యి బిడ్డా అన్న.”

“తీసేసిన.”

“దీక్ష అయిపోయింది అన్న నేను. నువ్వేమనుకున్నవో నాకేం ఎర్క.”

“నువ్వు ఎట్లన్న అను. నీ కాయిదాలు దాని లోపల ఉన్నయా అని నేను చూడాలె, చూడలే. అసలు వాటిని రెండిటికీ బయట, వేరే జాగల పెట్టాలె. ఏ సిస్టం నడిచినా కాయిదాలు ఒక్కతీర్గనే కనపడాలె. సిరిసిల్లల నేర్చుకునేటప్పుడు మొదటి రోజు చెప్పిండ్రు గీ ముచ్చట. ఆ రోజు బస్సుకు ఆలస్యమైతదని తొందరల ఇడిసిపెట్టిన.”

“తప్పు ఎవలిదో తర్వాత చూసుకుందాం. ఆమె పది గంటల బస్సుకు దిగుతది. వెతుకు.”

“వెతుకుతనే ఉన్న. పెన్‌డ్రైవ్ పెట్టి మొత్తం గీకుతున్న. ఎవలామె? ఫోన్ల సరిగ చెప్పకపోతివి.”

“మల్లక్క. బోయినపల్లి మల్లవ్వ. అగో, ఆ గోడ మీద ఫొటో ఉన్నది చూడు, ఆ పిలగాని తల్లి.”

“ఈయన ఎప్పుడు పోయిండు?”

“తొమ్మిదేండ్లయింది. భూమేశ్. తోటపని అని మస్కట్ పోయిండు. ఆ కాయిదాలు నింపింది నేనే, ఇదే కుర్చీల కూసోని. మూడు నెలలు ఫోన్ చేసిండు. తర్వాత లేదు. మల్లక్క నా దగ్గరికి వచ్చుడు అప్పటి సంది. సిరిసిల్లల అర్జీ ఇచ్చినం, హైదరాబాదుకు పంపినం, అక్కడి మన దేశపోళ్ల ఆఫీసుకు పంపినం. విచారిస్తున్నం అని ఒక కాయిదం వచ్చింది. దాన్ని ఆమె ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని దాచుకున్నది.”

“మరి గీ నెంబరు ఎట్ల దొరికింది?”

“నేను మాల తీసే ముందు రోజు ఒకాయన వచ్చిండు. సాయిలు. సెలవు మీద వచ్చిండట, కొండకు పోతూ జిరాక్సు కోసం ఆగిండు. గోడ మీది ఫొటో చూసి, గీయన నాకెర్క అన్నడు. తోట కాపలా ఉంటడు, పేరు భూమేశ్, కరీంనగర్ దిక్కు మనిషి అన్నడు. ఫోన్ తీసి నెంబరు చదివిండు. రెండుసార్లు చదివిచ్చుకొని కొట్టిన.”

“కాయిదం మీద రాసుకోలేదా?”

“కంప్యూటర్ ఉండంగ గీ చీటీలేంది పెద్దబాపు అని నా చీటీలన్నీ ఊడ్చింది ఎవలు?”

“నేనే. నీ ఫోన్ల ఎక్కించుకోకపోయినవా?”

“దీక్షల ఫోన్ ముట్టనని మొక్కుకున్న. ఇంట్ల పెట్టెల ఉండె.”

“సాయిలు ఫోన్ తోటన్న అప్పుడే చెయ్యకపోయినవా? ఒక్క నిమిషం పని.”

“చేద్దాం అన్నడు ఆయన గూడ. నేనే వద్దన్న.”

“ఎందుకు?”

“తొమ్మిదేండ్ల సంది తల్లి ఎదురు చూస్తున్నది. మొదటి మాట ఆమె ఇనాలె గని నేను ఇంటే ఏం మంచిగుంటది? నేను ముందు ఇంటే ఆమెది గుంజుకున్నట్టయితది అనుకున్న.”

“పెద్దబాపు.”

“ఏంది?”

“ఏం లేదు. సాయిలుది ఏ ఊరు?”

“అడగలే. సంబురంల అన్నీ మర్చిపోయిన. సెలవు అయిపోయిందన్నడు, ఈపాటికి విమానం ఎక్కి ఉంటడు. బోయినపల్లి నుంచి కైకిలి పనికి వచ్చేటోళ్లతోని మల్లక్కకు కబురు పంపిన, నెంబరు దొరికింది రమ్మని. సోమవారం వస్త అని మల్ల కబురు వచ్చింది. ఇయ్యాల సోమవారం.”

“ఎర్కే. పొద్దుటి సంది నాలుగుసార్లు చెప్పినవ్.”

“మరి పోయింది అంటే, ఏడికి పోయింది బిడ్డా? ఈ డబ్బలనే ఉన్నది కద. డబ్బ ఏడికీ పోలే.”

“ఉన్నది ఉన్నట్టే ఉంటది కొన్ని రోజులు. కని ఆ జాగ ఖాళీ అని రాసి ఉంటది. నువ్వు దీంట్ల ఏ పని చేసినా ఆ ఖాళీల పోయి కూసుంటది. వారం సంది ఎంతమందికి పింఛన్ కాయిదాలు చేసినవ్?”

“వందమంది ఉంటరు.”

“వందమంది ఆధార్లు, వందమంది ఫొటోలు. అన్నీ దాని మీదనే పడ్డయ్.”

“ఎవలి కాయిదం ఆపుదును? వాళ్లు గూడ ముసలోళ్లే.”

దుకాణం ముందు నుంచి రెండు బస్సులు పోయాయి. పక్క హోటల్ నుంచి వచ్చిన చాయ మీద మీగడ కట్టింది. బుచ్చన్న మూడోసారి గడియారం చూసేసరికి తొమ్మిదిన్నర అయింది.

“పెద్దబాపు, ఇటు రా.”

“దొరికిందా?”

“రా, చదువు. నువ్వు రాసిందేనా?”

“భూమేశ్, బోయినపల్లి, మల్లవ్వ కొడుకు. సాయిలు చెప్పిండు. తోట కాపలా. నేను రాసిందే బిడ్డా. నేనే. అగో, తొమ్మిది ఆరు ఎనిమిది. తొమ్మిది. రెండు. కిందికి జరుపు.”

“కింద ఏం లేదు.”

“జరుపు జర.”

“జరిపిన. తర్వాత ఎవలిదో ఆధార్ ఫొటో పడ్డది. ముక్కు దాక ఉన్నది.”

“దాని కింద ఉంటది కావచ్చు.”

“కింద అంటూ ఉండది పెద్దబాపు. ఒక పలక తుడిచి రాసినట్టు. ముందుది ఉండది.”

“ఇంకో దగ్గర ఉండొచ్చు. రెండుసార్లు కొట్టిన నేను.”

“రెండుసార్లు చదివిచ్చుకున్న అన్నవ్. ఒకసారే కొట్టినవ్.”

“ఎన్ని అంకెలు తక్కువ?”

“మొదటి మూడు దేశానివి. తర్వాత ఎనిమిది ఉండాలె, రెండే ఉన్నయ్. ఆరు తక్కువ.”

“ఆరే కద. ఒక్కొక్కటి మార్చి మార్చి చేసుకుంట పోతే?”

“పది లక్షల నెంబర్లు అయితయ్.”

“రోజుకు వంద చేస్త.”

“ఇరవై ఏడేండ్లు పడుతది.”

“ఇరవై ఏడు.”

“పెద్దబాపు, కూసో జర. చాయ తాగు.”

“ఆమెకు అరవై దాటినయ్ బిడ్డా.”

“ఒక పని చేద్దాం. ఆమెతోని, ఆ మనిషి పొరపాటు పడ్డడట, మన భూమేశ్ కాదట అని చెప్పు. నెంబరు పోయిందనుడు కంటే గదే నయం. ముందు లేకుండె, ఇప్పుడు గూడ లేదు. గంతే అనుకుంటది.”

“రాత్రంత నేను గూడ గదే అనుకున్న.”

“మరి?”

“నలభై ఒక్క రోజులు అబద్ధం ఆడకుంట ఉన్న. అది మాల మెడల ఉన్నన్ని రోజులకేనా, తీసినంక గూడనా అని పొద్దున పూజల స్వామిని అడిగిన.”

“ఏమన్నడు?”

“ఎప్పుడన్న ఏమన్న అంటడా? కని ఆడుతే ఆమె నమ్ముతది. గదే నాకు బుగులు. ఆ కొడుకు ఆ తోటల కూసోని ఇంకా ఉంటడు, ఇక్కడ ఈమె లేడు అనుకుంటది. నా నోటితోని ఆయనను లేకుంట చేసినోన్ని అయిత. కంప్యూటర్ల తీసేసింది తెల్వక తీసేసిన. గిది తెలిసి తీసేసినట్టు.”

“నేను తీసేసిన అని చెప్పు. నా పేరు చెప్పు. చిన్నపిల్ల, తప్పు చేసింది అను.”

“నీ పేరు ఎందుకు చెప్త? నువ్వు ఊకో. ఆమె ఏమన్న అంటే నేను పడుత. తిడితే మంచిదే.”

“బస్సు వచ్చింది పెద్దబాపు.”

బోయినపల్లి దిక్కు నుంచి వచ్చిన బస్సులోంచి మల్లవ్వ దిగింది. చంకలో ఒక గుడ్డసంచి ఉంది. రోడ్డు దాటి, దుకాణం మెట్టు మీద చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

“రా మల్లక్కా. కూసో, ఫ్యాను కింద కూసో. నీళ్లు తాగుతవా?”

“తాగుత తమ్మీ. నిలవడే వచ్చిన, ఎవలూ సీటియ్యలే. ఈ పిల్ల ఎవలు?”

“మా తమ్ముని బిడ్డ, అక్షిత. కోరుట్ల నుంచి వచ్చింది.”

“మంచిగున్నవా బిడ్డా? చిక్కిపోయినట్టున్నవ్. పెండ్లయిందా?”

“కాలేదు పెద్దమ్మా.”

“కానీ తియ్యి, తొందరేమున్నది. మాల మంచిగ జరిగిందా తమ్మీ? కొండ మీద బాగ మంది ఉన్నరా?”

“మస్తు మంది. మల్లక్కా, నేను నీకు ఒక మాట చెప్పాలె.”

“చెప్పు.”

“నెంబరు దొరికిందని కబురు పంపిన కద.”

“పంపినవ్. మా వాడకట్టోళ్లు చెప్పిండ్రు.”

“ఆ నెంబరు ఇప్పుడు నా దగ్గర లేదు. దీంట్ల రాసిన. దీన్ని రెండు తీర్ల చేసి పెట్టింది ఈ పిల్ల, ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉండాలె అని. నేను దీక్ష అయినంక తెల్వక పాతదాంట్లకు వచ్చిన. కొత్తదాన్ని తీసెయ్యుమని నేనే చెప్పిన. నెంబరు దాంట్ల ఉండె. పొద్దుటి సంది వెతుకుతున్నం. దొరకలే. ఇగ దొరకది.”

“గట్లనా.”

“నన్ను ఏమన్న అను అక్కా. తొమ్మిదేండ్లకు ఒక్క ముచ్చట వస్తే నా చేతుల పడి పోయింది.”

“నిన్నెందుకంట? నీళ్లు సల్లగున్నయ్. ఇంకిన్ని పొయ్యి బిడ్డా.”

“నేను చెప్పింది నీకు అర్థమైందా అక్కా? భూమేశ్ నెంబరు పోయింది.”

“అయింది తమ్మీ. ఆ సాయిలు ఆ రోజే కొండ దిగి అటే మా ఊరికి వచ్చిండు. బుచ్చన్న కబురు పంపేదాక ఎందుకు, నేనే పోయి చెప్త అనుకున్నడట. పొద్దుమూకినంక వచ్చిండు. మా పక్కింటోళ్ల ఫోన్ తోటి ఆయనే కలిపి నా చెవుల పెట్టిండు.”

“ఎత్తిండా?”

“ఎత్తిండు.”

“ఏమన్నడు? మాట్లాడినవా?”

“మాట్లాడిన. మంచిగ మాట్లాడిండు. ఆయన పేరు గూడ భూమేశే. ఊరు కోనరావుపేట. ఇద్దరు పిల్లలట. నేను గొంతు ఇనంగనే, వీడు కాదు అనుకున్న, అయినా పెట్టెయ్యలే. తిన్నవా కొడుకా అని అడిగిన. తిన్న అవ్వా అన్నడు.”

“మల్లక్కా.”

“తెల్లారి మల్ల చేసిన. ఎత్తిండు. ఎండలెట్లున్నయ్, పని ఎట్లున్నది అని అడిగిన. చెప్పిండు. మూడోనాడు మల్ల చేసిన. అవ్వా, నేను నీ కొడుకును కాదు, ఇగ చెయ్యకు, నాకు గూడ ఏడుపొస్తున్నది అన్నడు. మల్ల చెయ్యలే.”

“ఆయన ఫొటో చూసి చెప్పిండు కద, గీయననే అన్నడు కద.”

“ఫొటో పాతదాయె. ఎండల పడ్డ మొఖాలన్నీ ఒక్కతీర్గనే ఉంటయన్నడు సాయిలు. పాపం, పోయేటప్పుడు నా కాళ్లు మొక్కిండు.”

“మరి నెంబరు కోసం కాకుంటే గింత దూరం ఎందుకు వచ్చినవ్ అక్కా? అర్జీ మల్ల పెట్టాల్నా? కొత్తగ ఒక జాగ ఉన్నదట పంపనీకి, నేను కనుక్కుంట.”

“వద్దు. ఇగ ఏ అర్జీ వద్దు. ఎల్లుండి అయ్యగారిని పిలిచిన. గడ్డితోని బొమ్మ చేసి కొడుకు పేరు మీద కార్యం చేస్తడట. కోడలు వాళ్ల అవ్వగారింటి నుంచి వస్తున్నది. నువ్వు రా. పిల్లను గూడ తోలుకరా.”

“అప్పుడేనా అక్కా? ఇంకొన్ని రోజులు...”

“ఎన్ని రోజులు తమ్మీ?”

“నాకు తెల్వది.”

“నాకూ తెల్వది. గందుకే. గీ సంచి తీస్కో.”

“ఏందిది?”

“ఇప్పి చూడు.”

“అంగీ. నీలం గీతల అంగీ. గిది ఎవలిది?”

“నీదే. పాసుపోర్టు ఫొటోకు కాలర్ ఉన్న అంగీ కావాలన్నవట, వానికి లేకపాయె. నీ దుకాణంల గోడ మేకుకు ఏలాడే అంగీ ఇచ్చినవ్. ఆ పిచ్చోడు ఫొటో దిగి అట్లనే తొడుక్కొని ఇంటికొచ్చిండు. విమానానికి పోయే రోజు ఇప్పి నా చేతుల పెట్టిండు, అవ్వా, గిది బుచ్చన్న కాకది, నేను వచ్చేలోపట ఇచ్చిరా అని.”

“నాకు యాదికే లేదు అక్కా. ఎన్నో అంగీలు మార్చిన తర్వాత.”

“నాకున్నది. ఏడాదికోసారి ఉతికి, మల్ల మడతపెట్టి సందుగల పెట్టిన.”

“గిన్నిసార్లు వచ్చినవ్ నా దగ్గరికి. ఎప్పుడన్న మర్చిపోకుంట తెచ్చేదుండె కద.”

“మర్చిపోయి కాదు తమ్మీ, కావాల్ననే తేలే. ఒకరి బాకీ ఉన్న మనిషి అది తీర్చకుంట పోడు, ఎట్లన్న తిరిగొస్తడు అనుకున్న. ఇగ తీస్కో, వాని బాకీ ఏం లేదు.”